అగ్గిపెట్టెంత కంప్యూటరు కొనేముందు: డాబా మీద ట్యాంకు, అమ్మ రేడియో, పోయే కరెంటు

పోయిన నెల్లో మా వీధి చివరింటి కుర్రాడు ఒక సాయంత్రం వచ్చాడు, గుణుపురంలో బీటెక్ చదువుతున్నాడు, చేతిలో ఫోను, ఫోన్లో ఆరేడు బోర్డుల ఫోటోలు. "అన్నియ్యా, రాస్ప్‌బెర్రీ పై కొనాలా, ఆర్డుయినో కొనాలా, ఇంకోటేదో ఈఎస్‌పీ32 అంటన్నారు అదేటి, ఇవన్నీ ఒకటే కాదా, ఒకటేమో నాలుగొందలు, ఒకటేమో ఐదువేలు" అని గుక్క తిప్పుకోకుండా అడిగేసాడు. ఒడిశా అంచున పర్లాకిమిడిలో, పాతపట్నంలో, కాశీనగర్‌లో ఇదే ప్రశ్న నన్ను అడిగినోళ్ళు ఈ నాలుగైదేళ్ళలో చాలామందే ఉన్నారు. అందరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకసారి కూర్చుని రాసేద్దామని ఇది రాస్తున్నా.

ముందు అసలు చిక్కుముడి ఎక్కడ పడిందో చెప్తా. ఈ బోర్డులన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఆకుపచ్చదో నీలందో చిన్న పలక, ఒక అంచున రెండు వరసల పిన్నులు, మధ్యలో నల్ల చిప్పు. కానీ వీటిలో రెండు జాతులున్నాయి, రెండిటికీ పోలికే లేదు. ఒకటి మైక్రోకంట్రోలర్. ఇది గానుగెద్దు లాంటిది, మీరు ఒక్క ప్రోగ్రాం రాసి ఎక్కిస్తారు, కరెంటు తగలగానే అదే పని మొదలెడుతుంది, కరెంటు తీసేదాకా అదే తిరుగుడు, మధ్యలో వేరే ఆలోచన ఉండదు. ఆర్డుయినో ఈ జాతే, ఈఎస్‌పీ32 కూడా ఈ జాతే. రెండోది సింగిల్ బోర్డ్ కంప్యూటర్, అంటే ప్రాసెసరు, ర్యాము, యూఎస్‌బీ, స్క్రీను తగిలించే సాకెట్టు అన్నీ ఒకే పలక మీద ఉన్న పూర్తి స్థాయి కంప్యూటరు. ఇది పెళ్ళింట్లో ఇల్లాలి లాంటిది, ఒక పొయ్యి మీద అన్నం, ఇంకో పొయ్యి మీద పులుసు, గుమ్మంలో చుట్టాలు, ఫోన్లో మాట, అన్నీ తనే చూసుకోవాలి. ఆ చూసుకునే నేర్పు పేరే ఆపరేటింగ్ సిస్టం, ఇక్కడైతే లినక్స్. రాస్ప్‌బెర్రీ పై, ఆరెంజ్ పై, బీగుల్‌బోన్ ఇవన్నీ ఈ జాతి.

ఎంత తేడా అంటే, ఆర్డుయినో ఊనో ఆర్3లో ప్రోగ్రాం నడిచేటప్పుడు వాడుకునే మెమరీ 2 కేబీ. తెలుగులో ఒక్కో గుర్తుకి, అంటే అక్షరానికి వేరే, గుడికి వేరే, కొమ్ముకి వేరే, మూడేసి బైట్లు పడతాయి, ఆ లెక్కన పైన రాసిన పేరా ఒక్కటి కూడా ఆ మెమరీలో పట్టదు. అదే రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూలో 512 ఎంబీ ఉంటుంది, అంటే రెండున్నర లక్షల రెట్లు పైనే, నాలుగు కోర్లు, ఒక్కోటి 1 గిగాహెర్ట్జ్. చూయింగ్ గమ్ పట్టీ అంత ఉంటుంది అది.

గందరగోళం పెంచిన ఇంకో సంగతి పేర్లు. 2021 జనవరిలో రాస్ప్‌బెర్రీ పై వాళ్ళే పికో అని నాలుగు డాలర్ల బోర్డు తెచ్చారు, పేరు ముందు రాస్ప్‌బెర్రీ పై అని ఉంటుంది కాబట్టి అదీ కంప్యూటరే అనుకుని కొనేస్తారు, తీరా చూస్తే టీవీకి తగిలించే సాకెట్టు ఉండదు, కార్డు పెట్టే చోటు ఉండదు, ఎందుకంటే అది మైక్రోకంట్రోలరు, 264 కేబీ మెమరీ. మంచి బోర్డే, కానీ వేరే జాతి.

అసలు రాస్ప్‌బెర్రీ పై ఎందుకు పుట్టిందో తెలిస్తే సగం అర్థమైనట్టే. ఇంగ్లండులో కేంబ్రిడ్జిలో కంప్యూటర్ సైన్స్ చదవడానికొచ్చే పిల్లలు ఏటేటా తగ్గిపోవడం, వచ్చినోళ్ళకి కూడా చేత్తో ప్రోగ్రాం రాసిన అలవాటు లేకపోవడం చూసి ఎబెన్ అప్టన్, ఇంకొంతమంది కలిసి, పాడైపోతుందేమో అన్న భయం లేకుండా పిల్లలు ఆడుకునే చవక కంప్యూటరు చేద్దామనుకున్నారు. 2012 ఫిబ్రవరి 29న మొదటిది అమ్మకానికొచ్చింది, ధర 35 డాలర్లు, 256 ఎంబీ ర్యాము. 2015 నవంబరులో జీరో అని ఐదు డాలర్లది వచ్చింది, దాన్ని వాళ్ళ పత్రిక అట్టకి అతికించి ఉచితంగా కూడా ఇచ్చారు. అదే ఏడాది డిసెంబరులో రెండు పైలు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్ళాయి, వాటిలో స్కూలు పిల్లలు రాసిన ప్రోగ్రాములు నడిచాయి. ఇదంతా ఎందుకు చెప్తున్నా అంటే, ఇది ఫ్యాక్టరీ కోసం పుట్టింది కాదు, నేర్చుకోడానికి పుట్టింది. అందుకే దీని బలాలు, బలహీనతలు రెండూ అక్కడినుంచే వచ్చాయి.

"మరి మెమరీ ఎక్కువ, స్పీడు ఎక్కువ ఉన్నదే మంచిది కదా అన్నియ్యా" అన్నాడు కుర్రాడు. లేదు తమ్ముడూ అని డాబా మీదకి తీసుకెళ్ళి మా ట్యాంకు చూపించా.

వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు, మూత లోపలి వైపు అల్ట్రాసోనిక్ సెన్సారు బిగించి ఉంటుంది. మన చెవికి వినపడని 40 కిలోహెర్ట్జ్ శబ్దం కిందకి వదులుతుంది, నీటిని తాకి ప్రతిధ్వని వెనక్కొస్తుంది, ఎంతసేపట్లో వచ్చిందో కొలిస్తే నీళ్ళు ఎంత కిందున్నాయో తెలుస్తుంది. ఎంతసేపు అంటే సెంటీమీటరుకి రానూపోనూ కలిపి 58 మైక్రోసెకన్లు, సెకనులో పదిలక్షల వంతుని మైక్రోసెకను అంటారు. మొదట్లో నేను ఈ సెన్సారుని నేరుగా రాస్ప్‌బెర్రీ పైకే తగిలించాను. అంకెలు గెంతులేసాయి, ఒకసారి 41 సెంటీమీటర్లు, వెంటనే 44, మళ్ళీ 40, నీళ్ళేమో కదలకుండా ఉన్నాయి. సెన్సారు పాడైందనుకుని ఇంకోటి తెప్పించా, అదీ అంతే. తప్పు సెన్సారుది కాదు. లినక్స్ ఒకేసారి వంద పనులు చూసుకుంటుంది, వైఫై, జరిగిందంతా చిట్టాగా, అంటే లాగ్‌గా, రాసుకోవడం, ఇంకేదో, ప్రతిధ్వని వచ్చిన క్షణాన అది వేరే పనిలో ఉంటే వంద మైక్రోసెకన్లు ఆలస్యంగా చూస్తుంది, వంద మైక్రోసెకన్లంటే దాదాపు రెండు సెంటీమీటర్లు. ఇల్లాలు చుట్టాలకి మంచినీళ్ళిచ్చి వచ్చేలోపు పాలు పొంగినట్టే. ఇరవైసార్లు కొలిచి మధ్య అంకె తీసుకుంటే సర్దుకుంటుంది నిజమే, కానీ అదే పని నాలుగొందల ఈఎస్‌పీ32 ఒక్కసారిలో సరిగ్గా చేస్తుంది, ఎందుకంటే దానికి వేరే ధ్యాస లేదు.

ఆ సెన్సారు దగ్గరే ఇంకో రెండు సంగతులున్నాయి, ఎవరూ ముందుగా చెప్పరు. ఒకటి, మామూలుగా దొరికే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 సెన్సారు 5 వోల్టుల మీద నడుస్తుంది, జవాబు కూడా 5 వోల్టుల్లోనే చెప్తుంది, రాస్ప్‌బెర్రీ పై పిన్నులు గానీ ఈఎస్‌పీ32 పిన్నులు గానీ 3.3 వోల్టులవి. నేరుగా కలిపితే ఆ రోజు పనిచెయ్యొచ్చు, వారం పనిచెయ్యొచ్చు, ఒకరోజు ఆ పిన్ను చచ్చిపోతుంది, దాంతోపాటు బోర్డు కూడా పోవచ్చు. రెండు రెసిస్టర్లు, అంటే కరెంటుని కొంత అడ్డుకునే చిన్న ముక్కలు, చాలు, ఒకటి వెయ్యి ఓమ్‌లు, ఒకటి రెండు వేలు, రెండూ వరసగా కలిపి మధ్యలోంచి తీగ తీసుకుంటే 5 వోల్టులు 3.3 అవుతుంది. రెండు రూపాయల సరుకు, దానికి బద్ధకించి బోర్డు పోగొట్టుకోవద్దు. ఆర్డుయినో ఊనో ఆర్3 అయితే 5 వోల్టులదే కాబట్టి దానికి ఈ గొడవ లేదు.

రెండోది ఎండ. ఆ 58 అనే లెక్క 20 డిగ్రీల దగ్గర లెక్క, అప్పుడు గాలిలో శబ్దం సెకనుకి 343 మీటర్లు వెళ్తుంది. మే నెలలో నల్ల ట్యాంకు లోపల గాలి 45 డిగ్రీలుంటే శబ్దం వేగం దాదాపు 358 అవుతుంది. ట్యాంకు అడుగంటి నీళ్ళు మీటరు కింద ఉన్నప్పుడు బోర్డు 96 సెంటీమీటర్లే అని చెప్తుంది, అంటే ఇంకా నాలుగు సెంటీమీటర్ల నీళ్ళున్నాయని మనం నమ్ముతాం, మా ట్యాంకు వెడల్పుకి అది రెండు బకెట్ల పైమాటే. స్నానానికెళ్ళినోళ్ళకి తెలుస్తుంది ఆ రెండు బకెట్ల విలువ. డీఎస్18బీ20 అనే చిన్న ఉష్ణోగ్రత సెన్సారు పక్కన పెట్టి లెక్కలో కలిపితే తేడా పోయింది. ట్యాంకులో చెమ్మ ఎక్కువ కాబట్టి ఇప్పుడు నీళ్ళు తగిలినా పాడవని రకం అల్ట్రాసోనిక్ వేసా, దానికేమో ఇరవై సెంటీమీటర్ల లోపు కనపడదు, అందుకని మూతకి కొంచెం ఎత్తులో గొట్టం పెట్టి బిగించాల్సొచ్చింది.

అయితే పై ఎందుకు మరి? దానికి అమ్మ రేడియో సంగతి చెప్పాలి.

మా అమ్మకి విశాఖపట్నం ఆకాశవాణి వినడం చిన్నప్పట్నుంచి అలవాటు. ఒడిశాలో ఉన్నా మా ఇళ్ళల్లో పొద్దున్న లేవగానే వినపడేది తెలుగు రేడియోనే, స్కూల్లో పిల్లలు ఒడియా చదువుతారు, బజార్లో బోర్డులు ఒడియాలో ఉంటాయి, వంటింట్లో మాత్రం విశాఖే. పాత సెట్టులో రానురానూ గరగర ఎక్కువైపోయింది. ఫోన్లో యాప్ పెట్టిస్తే ఆ చిన్న బొమ్మలు నొక్కడం, మధ్యలో ఫోన్ రావడం, ఛార్జింగు, ఇవేవీ ఆమెకి నచ్చలేదు. ఒక మీట తిప్పితే పాట రావాలి, అంతే. ఇది గానుగెద్దు పని కాదు, ఎందుకంటే ఇంటర్నెట్లోంచి స్ట్రీము తీసుకోవాలి, నెట్ తెగితే మళ్ళీ కలుపుకోవాలి, స్టేషన్ లింకు మారితే నేను ఎక్కడినుంచైనా లాగినై మార్చగలగాలి. ఈఎస్‌పీ32తో రేడియో చేసినోళ్ళున్నారు, కాదనను, కానీ ఇన్ని సర్దుబాట్లు చెయ్యాలంటే ఆపరేటింగ్ సిస్టం ఉన్నదే హాయి. పై జీరో తీసుకున్నా. ఇక్కడ ఒక తిరకాసు, జీరోకి హెడ్‌ఫోన్ సాకెట్టు ఉండదు, కొత్త పై 5కి కూడా తీసేసారు. మ్యాక్స్98357 అనే గోరంత ఆంప్లిఫయర్ పలక మూడు తీగలతో కలిపి, నాలుగు ఓమ్‌ల స్పీకరు పెడితే వంటింటికి సరిపోయే మూడు వాట్ల శబ్దం వస్తుంది.

చెక్క డబ్బా మా బాబాయి చేసిచ్చాడు. మొదటిసారి పెట్టినప్పుడు అమ్మ "ఏట్రా ఇది, సిచ్చేసి అరనిమిషం అయింది, పలకదేటి" అంది. కంప్యూటరు కదా, లేచి కూర్చోడానికి ఇరవై ముప్పై సెకన్లు పడుతుంది. ఆమె మాటలోనే అసలు డిజైనుంది. రేడియో అంటే తిప్పగానే పలకాలి. అందుకని ఇప్పుడది ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, మీట ఆపితే శబ్దం మాత్రమే ఆగుతుంది. ఖర్చు ఏటంటారా, జీరో ఒక వాటు తింటుంది అనుకున్నా నెలకి ముప్పావు యూనిట్టు కూడా కాదు.

ఇక అసలు శత్రువు దగ్గరికొద్దాం, కరెంటు. బోర్డు చవకే, దాన్ని బతికించుకునే ఖర్చే ఎక్కువ, ఇది మాత్రం నేను గట్టిగా నమ్మి చెప్తున్నా. మా నాన్న పోయాక ఫోటోలన్నీ స్కాన్ చేసి ఒక పైలో పెట్టా, ఇంట్లో ఎవరైనా ఫోన్లోంచి చూసుకునేలాగ. వానాకాలంలో ఒకరోజు కరెంటు పదిసార్లు పోయొచ్చింది, సాయంత్రానికి పై లేవలేదు, మెమరీ కార్డు చదవట్లేదు. ఫోటోలు ఇంకోచోట కూడా ఉన్నాయి కాబట్టి పోలేదు గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఎందుకలా అవుతుందంటే, మైక్రో ఎస్‌డీ కార్డులో ఒక చిన్న అక్షరం మార్చాలన్నా కార్డు ఆ ఒక్క అక్షరం దగ్గర రాయదు, ఒక పెద్ద దిమ్మెని మొత్తం ఎత్తి, చెరిపి, మళ్ళీ రాస్తుంది. ఆ మధ్యలో కరెంటు పోతే మీరు ముట్టుకోని ఫైలు కూడా ఆ దిమ్మెలో ఉంటే పాడైపోవచ్చు. లినక్సేమో ఎవరూ ఏమీ చెయ్యకపోయినా నిమిష నిమిషానికీ ఏదో ఒక లాగ్ రాస్తూనే ఉంటుంది. దీనికి మందు కూడా అందులోనే ఉంది, రాస్ప్‌బెర్రీ పై సెట్టింగుల్లో ఓవర్లే ఫైల్ సిస్టం అని ఉంటుంది, అది ఆన్ చేస్తే కార్డు మీద ఇక ఏమీ రాయదు, రాతలన్నీ ర్యాములో జరిగి కరెంటు పోగానే చెరిగిపోతాయి, కార్డు ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. రేడియో లాంటి వాటికి ఇదే సరైంది. దాచుకోవాల్సిన డేటా ఉన్నవాటికి మాత్రం పనికిరాదు, వాటికి బ్యాటరీ బ్యాకప్ ఉండాల్సిందే. వైఫై రౌటరుకి పెట్టే మినీ యూపీఎస్‌లు దొరుకుతున్నాయి కదా, వాటిలో 5 వోల్టుల అవుట్‌పుట్ ఉన్నది చూసి కొంటే రౌటరు, జీరో రెండూ దానిమీదే బతుకుతాయి. ఇంట్లో ఇన్వర్టరు ఉందిగా అంటారు, ఉన్నా దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్చి వేసి ఉందో లేదో చూసుకోండి, లేకపోతే మారేటప్పుడు ఆ రెప్పపాటుకే పై రీస్టార్ట్ అయిపోతుంది.

అడాప్టరు కూడా అంతే ముఖ్యం. ఫోను ఛార్జరు ఉందిగా అని తగిలించేస్తారు. సన్నటి చవక కేబులుకి పావు ఓము నిరోధం ఉందనుకోండి, రెండు ఆంపియర్లు లాగినప్పుడు అందులోనే అర వోల్టు తినేస్తుంది, 5 వోల్టులు బయల్దేరితే బోర్డుకి చేరేది నాలుగున్నర. 4.63 కిందకి దిగితే స్క్రీను మూల పసుపు రంగు మెరుపు గుర్తు వస్తుంది, అది వచ్చిందంటే స్పీడు తగ్గిపోతుంది, కార్డు మీద రాతలు తేడా వస్తాయి, బోర్డు బాలేదని అందరూ తిడతారు. రాస్ప్‌బెర్రీ పై వాళ్ళ సొంత అడాప్టరు 5 కాదు 5.1 వోల్టులు ఇచ్చేది ఇందుకే, ఆ కేబులులో పోయేది ముందే లెక్కేసారు. పై 5 అయితే ఏకంగా 5 ఆంపియర్లు అడుగుతుంది, దానికి దాని అడాప్టరే కొనండి, ఇంకో మాట లేదు.

మూడోది గడియారం. దీని గురించి ఎవరూ మాట్లాడరు. మీ పాత డెస్క్‌టాప్‌లో గుండ్రటి బ్యాటరీ బిళ్ళ ఉంటుంది చూడండి, ఆపేసినా టైము గుర్తుంచుకోడానికి, పై 4 దాకా ఏ పైలోనూ అది లేదు. ఆగిపోయేముందు ఎంతయిందో కార్డు మీద రాసుకుని, లేచాక అక్కడినుంచే మొదలెడుతుంది, నెట్ దొరికితే సరిచేసుకుంటుంది, దొరక్కపోతే అదే తప్పు టైముతో నడుస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా మీదకొచ్చినప్పుడు కరెంటు, టవర్లు రోజుల తరబడి లేవు. అలాంటి రోజుల్లో వానెంత పడింది, ఎన్నింటికి పడింది అని ఎవరైనా సెన్సారుతో రాసి పెట్టుకోవాలంటే టైము తప్పైతే ఆ రాతలన్నీ వృథా. డీఎస్3231 అని గడియారం మాడ్యూలు నూటయాభై, రెండొందల్లో దొరుకుతుంది, ఏడాదికి నిమిషం అటూఇటూగానే తేడా వస్తుంది. ఒక్క జాగ్రత్త, మన దగ్గరికొచ్చే నీలం రంగు మాడ్యూళ్ళలో చాలావాటికి ఛార్జింగు సర్క్యూట్ ఉంటుంది, అందులో మామూలు సీఆర్2032 బిళ్ళ పెడితే ఛార్జ్ కాకూడనిదాన్ని ఛార్జ్ చేసినట్టు, ఉబ్బిపోతుంది. ఆ సర్క్యూట్లో డయోడు పక్కనుండే రెసిస్టరు ఒకటి పీకేస్తే సరిపోతుంది, లేదా ఛార్జ్ అయ్యే ఎల్ఐఆర్2032 వెయ్యాలి. పై 5లో గడియారం బోర్డు మీదే పెట్టారు, బ్యాటరీ మాత్రం విడిగా కొనుక్కోవాలి.

తిత్లీ తర్వాతే నాకు ఆఫ్‌లైన్ లైబ్రరీ ఆలోచన వచ్చింది, ఇన్ని వాడకాల్లో నా మనసుకి దగ్గరది ఇదే. కివిక్స్ అని ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది, వికీపీడియా మొత్తాన్ని ఒక ఫైలుగా దించుకోవచ్చు. ఇంగ్లీషుది బొమ్మలతో సహా వంద జీబీ పైనే ఉంటుంది, తెలుగుది, ఒడియాది దానిముందు చాలా చిన్నవి, మామూలు కార్డులో రెండూ పట్టేస్తాయి. పైని వైఫై హాట్‌స్పాట్‌గా పెడితే చుట్టుపక్కల ఫోన్లు దానికి కలిసి నెట్ లేకుండానే చదువుకోవచ్చు. పది పన్నెండు ఫోన్లు దాటితే పైలో ఉండే చిన్న వైఫై మొరాయిస్తుంది, అప్పుడు పాత రౌటరు ఒకటి పక్కన పెట్టుకోవాలి. పవర్ బ్యాంకు మీద కూడా నడుస్తుంది, పదివేల ఎంఏహెచ్ అని రాసినదాంట్లో 37 వాట్ అవర్లు ఉంటాయి, మార్పిడిలో పోయింది పోగా ముప్పై అనుకుంటే జీరో ఒక రోజు పైనే బతుకుతుంది.

ఇది మా ప్రాంతానికి ఎందుకంత పనికొస్తుందంటే, ఇక్కడ ఒకే ఇంట్లో రెండు లిపులు నడుస్తాయి, కొండమీదకెళ్తే మూడోది. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పంతులుగా ఉన్నప్పుడే సవరల దగ్గర వాళ్ళ భాష నేర్చుకుని నిఘంటువు దాకా వెళ్ళారు, మాట్లాడే తెలుగునే రాయాలని ఇక్కడినుంచే పోరాడారు. 1936లో సవర భాషకి మంగై గొమాంగో సొరంగ్ సొంపెంగ్ లిపి చేసారు, అది 2012లో కంప్యూటర్ల ఉమ్మడి అక్షరాల జాబితా యూనికోడ్‌లోకి వచ్చింది, ఇవాళ నోటో ఫాంటు వేసుకుంటే రాస్ప్‌బెర్రీ పై స్క్రీను మీద తెలుగు, ఒడియా, సవర పక్కపక్కనే కనపడతాయి. ఈ మూడు లిపుల్లో చిన్న చిన్న పాఠాలు ఎవరైనా చేసి ఇలాంటి పెట్టెలో పెడితే మోహన వైపు కొండ ఊళ్ళల్లో ఎంత ఉపయోగమో, చేతనైనోళ్ళు దయచేసి ఆలోచించండి.

మిగతా వాడకాలు గబగబా చెప్పేస్తా. పై-హోల్ అని ఒకటుంది, ఇంట్లో అందరి ఫోన్లూ వెబ్‌సైట్ల అడ్రసులు దీన్నే అడుగుతాయి, ప్రకటనల అడ్రసైతే ఇది జవాబివ్వదు, జీరో చాలు, చిన్న పిల్లలున్న ఇంటికి బాగుంటుంది. యాప్‌లో వీడియో మధ్యలో వచ్చే ప్రకటనలు మాత్రం చాలావరకు ఆగవు. పాత వీడియో గేములకి రెట్రోపై. పిట్టల మీద ఇష్టం ఉంటే బర్డ్‌నెట్ చూడండి, కార్నెల్ యూనివర్సిటీ, జర్మనీలో కెమ్నిట్జ్ యూనివర్సిటీ కలిసి చేసింది, మైకు పెట్టి వదిలేస్తే మూడేసి సెకన్ల ముక్కలుగా విని ఏ పిట్టో చెప్తుంది, మహేంద్రతనయ నది గట్టున తెల్లవారుజామున పెట్టి చూడాలి దాన్ని. విమానాలైతే 1090 మెగాహెర్ట్జ్ మీద తామెవరో, ఎంత ఎత్తులో ఉన్నాయో చెప్పుకుంటూ పోతాయి, టీవీ డాంగిల్ లాంటి రిసీవరు రాస్ప్‌బెర్రీ పైకి తగిలిస్తే మ్యాపు మీద చుక్కలు కదుల్తాయి. మా డాబా మీంచి ఈశాన్యం వైపు చుక్కలు తొందరగా మాయమైపోతాయి, అటు 1,501 మీటర్ల మహేంద్రగిరి అడ్డం కదా, ఈ సిగ్నలు కొండ చాటునుంచి రాదు.

ఎనిమిది సీసీ కెమెరాల రికార్డింగు, ఆఫీసు పని, పిల్లల ఆన్‌లైన్ క్లాసులు, వీటికి మాత్రం చిన్న బోర్డు కొనకండి. అడాప్టరు, కార్డు, డబ్బా, ఫ్యాను, జీరోకైతే మినీ హెచ్‌డీఎంఐ, పై 4కైతే మైక్రో హెచ్‌డీఎంఐ కేబులు, ఇవన్నీ కలిపితే బోర్డు ధరకి ఇంకో సగం పైన అవుతుంది, ఆ డబ్బులకి ఆఫీసుల్లోంచి వచ్చే సెకండ్ హ్యాండ్ చిన్న డెస్క్‌టాప్ దొరుకుతుంది, పని బాగా చేస్తుంది.

నిజానికి ఇదా అదా అన్న ప్రశ్నే తప్పు. మా ఇంట్లో డాబా మీద గానుగెద్దు కొలుస్తుంది, కింద ఇల్లాలు లెక్క రాసుకుంటుంది. రెండిటి మధ్య మాట ఎంక్యూటీటీ అనే పద్ధతిలో నడుస్తుంది, 1999లో చమురు పైపులైన్ల దగ్గరి కొలతలు శాటిలైటు మీద తక్కువ ఖర్చులో పంపడానికి పుట్టింది అది, అందుకే నెట్ బలహీనంగా ఉన్న చోట కూడా చక్కగా పనిచేస్తుంది. కుర్రాడికి అదే చెప్పా, ముందు ఒక ఈఎస్‌పీ32, ఒక సెన్సారు, పది రెసిస్టర్లు కొను, పై తర్వాత సంగతి, ఇప్పటికి నాది వాడుకో అని.

రెండు వారాలకి వచ్చాడు. ట్యాంకు కొలత బాగానే వస్తోంది, కానీ వాళ్ళ నానమ్మ కోసం వంటింట్లో పెట్టిన బొటనవేలంత స్క్రీను మీద "నీళ్ళు" అని తెలుగులో రావట్లేదు. ఆవిడకి ఒడియా చదవడం రాదు, ఇంగ్లీషు రాదు. ఇక్కడ మళ్ళీ రెండు జాతుల తేడానే. ఇంగ్లీషు అక్షరాలు పక్కపక్కన పేర్చితే చాలు, తెలుగులో న కి దీర్ఘం తలమీదకెళ్ళాలి, ళ కింద వత్తు కూర్చోవాలి, ఆ కుదిర్చే పని చేసే సాఫ్ట్‌వేరు లినక్స్‌లో ఉంటుంది, ఆ గానుగెద్దు దగ్గర ఉండదు. అందుకని పై మీద "నీళ్ళు", "మోటారు వెయ్యి", "నిండింది" అని మూడు మాటలు మంచి ఫాంటులో రాసి, వాటిని బొమ్మలుగా మార్చాం. 128 చుక్కల వెడల్పు, 64 చుక్కల ఎత్తు, ఒక్కో బొమ్మ సరిగ్గా 1024 బైట్లు. మూడు బొమ్మలూ ఈఎస్‌పీ32లో ఎక్కించేసాడు. పొద్దున్న వాళ్ళింటి ముందునుంచి వెళ్తుంటే లోపల్నుంచి నానమ్మ గొంతు వినపడింది, "ఒరే, మోటారెయ్యమంటంది, ఎయ్యి" అని.